లూసిండా పళ్లెం

బుధవారం సాయంత్రం ఏడున్నరకు, వెలుతురు పోతున్న వేళ, ఎలుగు వాగు అవతలి గట్టు మీద నిలబడ్డ మగ మూస్‌ను, గుర్రమంత దుప్పిని, క్లెమెంట్ కాల్చాడు. గుండు కడుపులో తగిలింది.

తగిలిన చప్పుడు వాగు దాటి ఇవతలికి వచ్చింది. ఎముకకు తగిలితే ఒక చప్పుడు, ఊపిరితిత్తులకు తగిలితే ఇంకో చప్పుడు. ఇది తడి గోనెసంచిని కర్రతో కొట్టినట్టు వినిపించింది. మూస్ నడుము వంచింది. క్లెమెంట్ రెండో గుండు ఎక్కించేలోపు తిరిగి, స్ప్రూస్ చెట్లలోకి నడిచి వెళ్లిపోయింది. పరుగెత్తలేదు.

పక్కనే మోకాళ్ల మీద కూర్చున్న రూఫస్ చేతిలో ఎండిన మూస్ భుజం ఎముక ఉంది. చాలాసేపటి నుంచి దాన్ని విల్లో పొదకేసి గీకుతున్నాడు. మగ మూస్ పొదకు కొమ్ములు రుద్దుకుంటే అలాంటి చప్పుడే వస్తుంది. అది విని పోట్లాటకు వచ్చిన జంతువు ఇది. రూఫస్ ఎముకను గడ్డిలో పెట్టాడు.

“కడుపులో తగిలింది బావా.”

“తెలుసు.”

“టీ పెడతాను. పొద్దున్నే వెళ్దాం.”

క్లెమెంట్ ఆకాశం చూశాడు. పడమటి కొండ మీద మబ్బు కిందికి దిగింది.

“వానొస్తోంది. నెత్తురంతా కొట్టుకుపోతుంది.”

“పోతే పోనీ. వదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటుంది, పడుకున్నచోటే పోతుంది. ఇప్పుడు వెనకపడితే లేస్తుంది. ఇది నాకు చెప్పింది నువ్వే కదా.”

చెప్పింది అతనే. ఏటా వేట నేర్పడానికి బడి పిల్లల్ని నది మీదికి తీసుకెళ్లినప్పుడు క్లెమెంట్ మొదట చెప్పే మాట అదే. అతను తలకి దీపం కట్టుకున్నాడు. రబ్బరు బూట్లు తొడ వరకు లాక్కున్నాడు.

“ఇక్కడే ఉండు” అన్నాడు.

“బావా, వద్దు. నా మాట విను.”

క్లెమెంట్ వాగులోకి దిగాడు.

అవతలి గట్టు మీద ఆకుల మీద నెత్తురు కొంచెమే ఉంది. దానితోపాటు నమిలిన ఆకుపసరు ఉంది. చెట్ల మధ్య నాచు మెత్తగా ఉండి అడుగుల చప్పుడు వినిపించలేదు. దీపం వెలుగులో పసరు మరక నుంచి పసరు మరకకు నడిచాడు. అంతలో ఎదురుగా కొమ్మలు విరిగాయి. బరువైనది ఏదో నేల మీంచి లేచింది. అతను ఆగాడు. అప్పుడైనా వెనక్కి రావచ్చు. రాలేదు. రెండోసారి లేచిన చప్పుడు ఇంకా పైన, కొండవాలు వైపు వినిపించింది. తర్వాత వాన మొదలైంది.

అతను తిరిగి వచ్చేసరికి రూఫస్ టార్పాలిన్ కట్టి, దాని కింద మంట వేసి ఉన్నాడు.

“లేచిందా?”

“లేచింది.”

“ఎన్నిసార్లు?”

“రెండుసార్లు.”

రూఫస్ కప్పులో టీ పోసి ఇచ్చాడు.

వాళ్లు వచ్చింది లూసిండా కోసం. ఆమె రూఫస్ తల్లి, క్లెమెంట్‌కి అత్తగారు. ఆదివారం పోయింది. శనివారం పూడ్చి, హాల్లో ఊరందరికీ విందు పెట్టాలి. విందుకు మూస్ మాంసం కావాలి. అందులో మొదటి ముక్క ఒక పళ్లెంలో పెట్టి, బయట నిప్పులో కాలుస్తారు. అది పోయినవాళ్లకు చేరుతుంది. పళ్లెం మోసేది కొడుకు.

అంతకు ముందురోజు, మంగళవారం పొద్దున, వాళ్లు పడవ నింపుతుంటే ఓటిస్ ఊరి ఒడ్డున పీపా మీద కూర్చుని ఉన్నాడు. వయసు అరవై దాటింది. ఒడ్డున ఏ పడవ కదిలినా అక్కడే ఉంటాడు. క్లెమెంట్ పెట్రోలు డబ్బాలు వెనక వైపు సర్దాడు. గొడ్డలి, తాళ్లు, సానరాయి, మాంసానికి ఉతికిన గుడ్డ సంచులు, గట్టి బిస్కెట్ల పెట్టె ముందు వైపు పెట్టాడు. రైఫిళ్లు రెండూ గుడ్డలో చుట్టి పొడిగా ఉండేచోట పెట్టాడు.

“ఎక్కడికోయ్ క్లెమెంటూ?” అన్నాడు ఓటిస్.

“అలా పైకి. చూసొస్తాం.”

వేటకని ఎవరూ అనరు. జంతువు పేరు ఎత్తరు. అది వింటుందని పెద్దవాళ్ల మాట.

“వీడిని కూడా ఎక్కించుకున్నావా? ఇంకేం, ఆ పైన ఉన్నవాటన్నిటికీ తలా ఒక చిల్లు పడుతుంది.”

రూఫస్ నవ్వాడు. పోయిన ఏడాది ముందటి ఏడాది అతను ఒకదాన్ని గాయపరిచి పోగొట్టుకున్నాడు. ఊళ్లో ఆ మాట ఇంకా పాతబడలేదు.

“నీకు గుర్తున్నంత నాకే గుర్తులేదు మామా” అన్నాడు.

“నాకే కాదు, కాకులక్కూడా గుర్తే.”

హెస్టర్ కర్ర పట్టుకుని ఒడ్డుకు దిగింది. లూసిండాకు అక్క. విందు వంట ఆమె చేతి మీద జరగాలి. ఎండుచేపల పొట్లం రూఫస్ చేతిలో పెట్టింది. అతని చొక్కా గుండీ పెట్టింది. తర్వాత క్లెమెంట్ వైపు తిరిగింది.

“వీడికి తొందరెక్కువ నాయనా. నువ్వు పక్కనే ఉండు. ఇది వాళ్లమ్మ పని. పాడు కాకూడదు.”

“నేను చూసుకుంటాను అత్తా” అన్నాడు క్లెమెంట్.

గురువారం తెల్లారేసరికి వాన ఆగింది. ఇద్దరూ వాగు దాటి వెతికారు. నాచు మీద మరకలు లేవు. రూఫస్ వంగి, నేలకు మొహం ఆనించినంత దగ్గరగా చూస్తూ నడిచాడు. విరిగిన పుల్ల దొరికినచోట ఎర్ర గుడ్డముక్క కట్టాడు. అలా మూడు ముక్కలు కట్టాక ఆనవాలు రాళ్లలోకి పోయింది. కొండవాలు నిండా పెద్ద రాళ్లు, వాటి మధ్య అడ్డంగా పడ్డ చెట్లు. రూఫస్ ఒక్కో చెట్టు ఎక్కి దిగాడు. క్లెమెంట్ కింద నిలబడి గడియారం చూశాడు.

“ఇంక పద.”

“ఆ పై మలుపు చూడలేదు. నీళ్లు పైనున్నాయి. దెబ్బ తిన్నది నీళ్ల దగ్గరకే పోతుంది.”

“శనివారం పూడ్చాలి. విందుకు వండే తల ఉడకడానికి రాత్రంతా పడుతుంది. రేపు పొద్దుటికి హాల్లో మాంసం లేకపోతే మీ పెద్దమ్మ ఏం వండుతుంది?”

“ఈ పూట ఉందాం బావా. సాయంత్రం దాకా. దొరక్కపోతే అప్పుడు పోదాం.”

“నువ్వు చెప్పినట్టు అన్నీ కుదరవు రూఫస్.”

రూఫస్ పై మలుపు వైపు కాసేపు చూశాడు. తర్వాత కిందికి దిగాడు.

మధ్యాహ్నం దాటాక పడవ వాగులోంచి నదిలోకి వచ్చింది. రెండో వంపులో ఇసుక మీద చిన్న వయసు మగ మూస్ నీళ్లు తాగుతోంది. క్లెమెంట్ ఇంజను ఆపాడు. పడవ నీటి వాలున జారింది.

“వద్దు” అన్నాడు రూఫస్ గొంతు తగ్గించి.

క్లెమెంట్ రైఫిల్ మీది గుడ్డ తీశాడు.

“ఒకటి అక్కడ దెబ్బతిని పడుంటే, ఇంకోదాన్ని అమ్మ కోసం ఎలా తీస్తాం? ఇలా చేయరు బావా. నీకు తెలీదా?”

“తెలుసు. ఊరంతా హాల్లో కూర్చుని ఉంటుంది. ఏం పెడదాం? మీ అమ్మ పేరు చెప్పి బిస్కెట్లు పంచుదామా?”

“బిస్కెట్లే పెడదాం.”

క్లెమెంట్ కాల్చాడు. గుండు మెడలో తగిలింది. మూస్ ఉన్నచోటే కూలింది.

ఇద్దరూ ఇసుక మీద పని మొదలుపెట్టారు. దాన్ని వెల్లకిలా తిప్పి, ఒక ముందుకాలు తాడుతో దుంగకు కట్టారు. రూఫస్ విల్లో కొమ్మలు నరికి తెచ్చి మాంసానికి ఇసుక అంటకుండా పరిచాడు. క్లెమెంట్ కత్తి వేళ్ల మధ్య పెట్టుకుని పొట్ట తెరిచాడు. మోచేయి దాటి చేయి లోపలికి పెట్టి గొంతు గొట్టం కోసి, మొత్తం బయటికి లాగాడు. ఆవిరి లేచింది. పేగులకు, పొట్టకు చిల్లు పడలేదు. మాంసం శుభ్రంగా ఉంది. తొడలు, భుజాలు, పక్కటెముకలు విడివిడిగా సంచుల్లోకి వెళ్లాయి. గుండె, నాలుక, తల వేరుగా కట్టారు.

అలవాటు ప్రకారం రూఫస్ చిన్న మంట వేసి కొవ్వు ముక్క ఒకటి అందులో వేశాడు. ఎవరి కోసమో చెప్పి వేయాలి. అతను ఏ పేరూ చెప్పలేదు. క్లెమెంట్ కత్తి తుడుచుకుంటూ చూశాడు.

శుక్రవారం పొద్దున పడవ ఊరి ఒడ్డుకు చేరింది. మనుషులు దిగి వచ్చి సంచులు భుజాన వేసుకున్నారు. ఎవరో క్లెమెంట్ వీపు తట్టారు. క్లెమెంట్ భార్య వెర్నా తన తల్లి శాలువా కప్పుకుని ఉంది. తమ్ముడిని పట్టుకుని ఏడ్చింది, తర్వాత మొగుడి భుజం మీద చేయి వేసింది. హెస్టర్ తల మూట విప్పి చూసింది.

“లేతది” అంది. “అంతా సవ్యంగా జరిగిందా నాయనా?”

“దొరికింది అత్తా” అన్నాడు క్లెమెంట్.

రూఫస్ పడవలో నీళ్లు తోడుతున్నాడు. డబ్బా ఒకసారి ఆగింది. మళ్లీ తోడాడు.

ఆ సాయంత్రం ఓటిస్ విందుకు కట్టెలు తెచ్చాడు. ఎలుగు వాగు మొదట్లో ఎండుచెట్లు ఉంటాయని పొద్దున్నే పడవలో అక్కడికి వెళ్లాడు. కట్టెలు దింపకుండానే హాలు వంటగదిలోకి వచ్చాడు. హెస్టర్, వెర్నా, ఇంకొందరు ఆడవాళ్లు బల్ల చుట్టూ నిలబడి మాంసం తరుగుతున్నారు.

“ఇంకో కుండ పెట్టుకోండమ్మా. ఇంకోటుంది పైన” అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి టోపీ తీశాడు. “కాకులు గోల చేస్తుంటే వెళ్లి చూశాను. వీళ్లు మంట వేసినచోటుకి పైన, నీటి ఊట పక్కన పడుంది. కేకేస్తే వినపడేంత దూరం. కడుపులో గుండు. వెనకభాగం ఎలుగు తినేసింది. మిగతాది ముక్కు మూసుకుని కూడా చూడలేం.”

హెస్టర్ కత్తి బల్ల మీద పెట్టింది.

“ఎర్ర గుడ్డముక్కలు కట్టున్నాయి. వెతికారు పాపం” అన్నాడు ఓటిస్. “వాడు మారాడనుకున్నాను నేను.”

వెర్నా ఇంటికి వచ్చేసరికి క్లెమెంట్ పెరటి కుళాయి దగ్గర రైఫిల్ తుడుస్తున్నాడు.

“పైన ఇంకోటి దెబ్బతిందట కదా?”

అతను గుడ్డను గొట్టంలోంచి లాగాడు.

“చీకటి పడింది అప్పటికి. వాన.”

“వాడేనా? అమ్మ కోసం వెళ్లి కూడా ఆగలేకపోయాడా?”

క్లెమెంట్ గుడ్డకు నూనె రాశాడు. మళ్లీ గొట్టంలోకి దూర్చాడు.

“నాకెందుకు చెప్పలేదు? వాడిని వెనకేసుకొస్తున్నావా?” వెర్నా కళ్లు తుడుచుకుంది. “ఈ ఒక్కసారైనా వాడు సరిగ్గా ఉంటాడనుకున్నాను. పెద్దమ్మ మొహం చూడలేకపోయాను.”

ఆమె లోపలికి వెళ్లింది. గొట్టం శుభ్రంగానే ఉంది. అతను ఇంకో గుడ్డ తీసుకున్నాడు.

శనివారం పొద్దున మగవాళ్లు గొయ్యి తవ్వడం పూర్తి చేశారు. దగ్గరివాళ్లు గొయ్యి తవ్వరు. రూఫస్ హాలు వెనక కట్టెలు కొడుతున్నాడు. క్లెమెంట్ అటు వెళ్లి, కొట్టిన కట్టెలు పేర్చడం మొదలుపెట్టాడు.

“పెద్దమ్మ పిలిచింది” అన్నాడు రూఫస్. “పళ్లెం నన్ను ముట్టుకోవద్దంది. నువ్వు మోస్తావట.”

క్లెమెంట్ కట్టె చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

“నువ్వేమన్నావు?”

“సరేనన్నాను. శవం ఇంట్లో ఉండగా అరుచుకోమంటావా?” గొడ్డలి దిగింది. కట్టె రెండైంది. “అక్కకి ఏం చెప్పావు?”

“నేనేమీ చెప్పలేదు.”

“అదే అడుగుతున్నా. ఏమీ చెప్పలేదు.”

“రూఫస్, నీ మీద చెప్పానా? ఒక్క మాట చెప్పానా?”

“అవసరమేముంది? నా పేరు వాళ్ల దగ్గర ముందే ఉంది.” ఇంకో కట్టె నిలబెట్టాడు. “తప్పుకో బావా. ముక్క ఎగిరి తగులుతుంది.”

క్లెమెంట్ పక్కకు జరిగాడు. పేర్చిన కట్టెలు సరిచేసి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం లూసిండాను పూడ్చారు. అందరూ కొండ దిగి హాలు ముందుకు వచ్చారు. అక్కడ మంట ముందే వేసి ఉంది. హెస్టర్ లోపల్నుంచి పళ్లెం తెచ్చింది. అందులో కాల్చిన చేప, కొవ్వులో కలిపిన బ్లూబెర్రీలు, వేయించిన రొట్టె ఉన్నాయి. మాంసం లేదు. చూసినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“మాంసం మనం తింటాం. పారేయడం ఇంకా తప్పు” అంది హెస్టర్ అందరికీ వినపడేలా. “నా చెల్లెలికి మాత్రం పెట్టను. అది వచ్చిన తీరు బాగాలేదు.” పళ్లెం చాచింది. “క్లెమెంటూ, తీసుకో నాయనా.”

అతను తీసుకున్నాడు. చేప ఇంకా వేడిగా ఉంది. అట్టపళ్లెం అడుగు మెత్తబడింది. రెండు చేతులా పట్టుకున్నాడు. మనుషులు దారి ఇచ్చారు. మంటకు అవతల, చివర్లో, రూఫస్ నిలబడ్డాడు. తెల్లచొక్కా వేసుకున్నాడు. తల దువ్వుకున్నాడు. అతని పక్కన ఎవరూ నిలబడలేదు.

క్లెమెంట్ మంట దగ్గర ఆగలేదు. చుట్టూ తిరిగి రూఫస్ ముందుకు వెళ్లాడు. పళ్లెం చాచాడు.

“నువ్వు పెట్టు” అన్నాడు నెమ్మదిగా.

రూఫస్ చేతులు జేబుల్లోంచి తీయలేదు.

“తీసుకో. అందరూ చూస్తున్నారు.”

“చూడనీ.”

“నీ తల్లి పళ్లెం ఇది.”

“అవును. నువ్విలా చెవిలో చెప్పి చేతిలో పెట్టేస్తే, జాలిపడి ఇచ్చావంటారు. మంచి బావ అంటారు నిన్ను.” రూఫస్ గొంతు పెంచలేదు. “ముందు చెప్పు. తర్వాత ఇవ్వు.”

క్లెమెంట్ పళ్లెం వెనక్కి తీసుకోలేదు. బ్లూబెర్రీల కొవ్వు కరిగి అంచు దాకా వచ్చింది.

“నేనే కొట్టాను” అన్నాడు.

“ఏమంటున్నాడు?” అన్నాడు ఓటిస్ వెనక నుంచి. “వినపడట్లేదు.”

“ఇటు తిరిగి చెప్పు” అంది హెస్టర్.

అతను తిరిగాడు. వెర్నా మెట్ల దగ్గర ఉంది. అతను ఆమె వైపు చూడబోయి, పళ్లెం వైపు చూశాడు.

“కడుపులో కొట్టింది నేను. వీడు ఆగమన్నాడు, పొద్దున్నే వెళ్దామన్నాడు. నేను వెనకపడ్డాను. అది రెండుసార్లు లేచింది.” ఆగాడు. “మర్నాడు పైదాకా వెతుకుదామన్నాడు. నేను వద్దన్నాను. రెండోదాన్ని కూడా వద్దన్నాడు. అదీ నేనే కాల్చాను.”

మంటలో కట్టె ఒకటి విరిగి పడింది. బడిలో అతని దగ్గర నేర్చుకున్న పిల్లలు ముందు వరసలో ఉన్నారు. ఓటిస్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

“మరి నిన్నట్నుంచి నోరేమైంది?” అంది వెర్నా.

క్లెమెంట్ మెత్తబడిన పళ్లెం అడుక్కి అరచెయ్యి ఆనించాడు.

హెస్టర్ కర్ర ఆనించుకుంటూ మంట చుట్టూ నడిచి వచ్చింది. క్లెమెంట్‌ని దాటి రూఫస్ ముందు నిలబడింది. అతని చొక్కా చేయి పట్టుకుంది.

“చల్లారిపోతోందిరా” అంది. “తీసుకో.”

రూఫస్ జేబుల్లోంచి చేతులు తీసి పళ్లెం అందుకున్నాడు. మంట దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. పళ్లెం నిప్పుల మీద పెట్టాడు. పెదవులు కదిలాయి. ఏమన్నాడో దగ్గరున్న హెస్టర్‌కు తప్ప ఎవరికీ వినపడలేదు. అట్ట అంచులు ముందు నల్లబడ్డాయి, తర్వాత చేప అంటుకుంది.

అంతా కాలేవరకు అతను లేవలేదు. లేచాక హెస్టర్ అతని చేయి పట్టుకుని మెట్లు ఎక్కింది. వాళ్ల వెనక మిగతావాళ్లు వెళ్లారు. చివర్లో వెర్నా లోపలికి వెళ్లి తలుపు వేసింది. క్లెమెంట్ బయటే ఉన్నాడు.